పొట్టేలు మెడలో బీకన్

మా జిల్లాకు సముద్రం లేదు. ఈ సంగతి నాకు తెలియదేమోనని గుర్తుచేసినవాళ్లు లెక్కలేనంతమంది. నల్గొండలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఆడమనిషి, నలభై దాటాక సెలవు పెట్టి సముద్రంలో మునగడానికి పోతున్నదంటే స్టాఫ్‌రూంకు వారానికి సరిపడా కబురు. తోటి లెక్చరరు ఒకాయన నన్ను ఆపి, ఇన్నేళ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగి విసుగొచ్చి ఉప్పునీళ్లకు పోతున్నారా మేడం అని అడిగాడు. నోటికి కాస్త రుచి మారాలి కదా సార్ అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

నీళ్లకు కటకటపడ్డ చోట పుట్టినవాళ్లు నీళ్లను దూరం నుంచి చూసి దండం పెట్టుకోవాలే తప్ప లోపలికి దిగకూడదని ఎక్కడ రాసి ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను పుట్టింది పాలమూరు వైపు, గొర్రెలు కాచే ఇంట్లో. బాపు నాకు ఈత నేర్పింది చెలకల మధ్య ఉన్న వ్యవసాయ బావిలో. వీపుకు ఖాళీ నూనె డబ్బా కట్టి, నడుముకు తాడు వేసి, గట్టు మీంచి తోసేశాడు. మా అన్నకూ అదే డబ్బా, అదే తాడు. అన్న నాలుగు రోజుల్లో ఈత నేర్చుకుని ఇక చాలని గట్టెక్కాడు. నేను డబ్బా విప్పేశాక కూడా బావిని వదల్లేదు. అడుగుకు పోయి కళ్లు తెరిస్తే పచ్చటి మసక వెలుగు, రాతి సందుల్లో చిన్న చేపలు, ఎక్కడో పైన మోటరు చప్పుడు. గట్టు మీద ఎవరు ఎవరిని తిడుతున్నా కింద వినపడేది కాదు. ఆ సుఖం నాకు ఏడేళ్ల వయసులోనే తెలిసింది. తర్వాత చదువు, ఉద్యోగం, పొసగని పెళ్లి, విడాకులు. అవన్నీ అయ్యాక ఆ సుఖం మళ్లీ కావాలనిపించింది. అప్పటికి బావులు పూడిపోయి బోర్లు వచ్చాయి. బోరులో మునగలేం కదా.

తెలంగాణ వచ్చిన మూడో ఏడో నాలుగో ఏడో, హైదరాబాద్ దవాఖానాలో నర్సుగా పనిచేసే నా స్నేహితురాలు, నేను కలిసి సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో స్కూబా డైవింగ్ నేర్చుకున్నాం. మొదటి రోజు అక్కడి శిక్షకుడు నా మాట విని, తెలంగాణలో ఈత కొట్టే చోటు కూడా ఉంటుందా అండీ అన్నాడు. మునుగుత అన్న నా మాటను పక్కవాళ్లకు రెండుసార్లు చెప్పి నవ్వించాడు. నేను ఈత కొలనులో దిగి, ఆగకుండా, ఆయన చాలండి అనేదాకా అటూ ఇటూ తిరిగాను. ఆయన చాలు అన్నాక కూడా ఇంకో నాలుగు చుట్లు వేశాను. ఆ నాలుగూ నా మాట కోసం.

అప్పటి నుంచి ఏటా రెండుసార్లు వెళ్లేవాళ్లం. డైవింగ్‌లో ఎప్పుడూ జోడీగా మునగాలి, ఒకరికొకరు కాపలా. నా జోడీ ఆ నర్సే. మూడేళ్లు ఏ ఇబ్బందీ లేదు. నాలుగో ఏడు, పడమటి తీరంలో ఒక చిన్న దీవి దగ్గర, మేము మునిగిన చోటు నుంచి నీటి ప్రవాహం మమ్మల్ని పక్కకు లాక్కుపోయింది. పైకి తేలి చూస్తే మా పడవ లేదు. దీవికి అవతలివైపు మిగతావాళ్లను ఎక్కించుకుంటున్నదని తర్వాత తెలిసింది. దూరానికి కనిపించాలని పెట్టుకునే నారింజ రంగు గొట్టాన్ని ఊది నిలబెట్టాం. ఈల ఊదాం. గాలి మా మీంచి బయటికి వీస్తున్నది, ఎండ నీళ్ల మీద మెరుస్తున్నది, మాకు మా ఈల తప్ప ఇంకేమీ వినపడలేదు. గంటన్నరపాటు అలా తేలుతూ ఉన్నాం. చివరికి చేపలవాళ్ల పడవ ఒకటి తన దారిన పోతూ మమ్మల్ని చూసి ఎక్కించుకుంది.

నేను భయపడ్డాను. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గులేదు. గాలి జాకెట్ ఉంది కాబట్టి మునిగిపోతానని కాదు. నేను ఇక్కడున్నానని భూమి మీద ఒక్క మనిషికి కూడా తెలియదే అని భయం. అంతమంది విద్యార్థులకు తరంగాల పాఠం చెప్పినదాన్ని, చేతిలో ప్లాస్టిక్ ఈల ఒకటి పట్టుకుని తేలుతున్నాను.

ఒడ్డుకు చేరగానే నర్సు ఏడుస్తూ మా అన్నకు ఫోన్ చేసింది. ఆమె చేసిన పనికి నాకు కోపం వచ్చింది కానీ, ఆమె స్థానంలో ఉంటే నేనూ చేసేదాన్నే. అమ్మ పోయాక మా ఇంట్లో పెద్దరికం అన్న చేతికి వచ్చింది. అన్నకు నల్గొండలో ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. నేను తిరిగొచ్చిన సాయంత్రమే ఇంటికి పిలిచి, టీ ఇప్పించి, ఇక చాలన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. చెల్లెలు సముద్రంలో తప్పిపోయిందన్న కబురు దుకాణంలో, గిరాకీ మధ్యలో విన్నాడు.

"ఇగ బంద్ జెయ్ చెల్లె," అన్నాడు.

"బంద్ జెయ్య. ఆపదల పిలిచే మిషిను కొంట. అది పిలిస్తే పలికే మనిషిని ఒకల్ని జూసుకుంట. ఆ రెండూ దొరికెదాంక సముద్రంల కాలు వెట్ట. దొరికినంక నన్ను అడగొద్దు."

అన్న, ఆ పలికే మనిషి ఎవరో తనూ చూస్తానన్నాడు. అలా నా నోటితోనే నాకు నేను షరతు పెట్టుకున్నాను. అది నెగ్గకపోతే సముద్రం పోయినట్టే. మాట తప్పి దొంగతనంగా వెళ్లే రకాన్ని కాదు నేను.

ఆపదలో పిలిచే ఆ మిషిన్ పేరు బీకన్. అరచేతిలో పట్టే రేడియో. దాన్ని ఎంచుకోవడం సెల్‌ఫోన్ కొన్నట్టు కాదు. రెండు రకాలున్నాయి. మొదటిది నొక్కితే చుట్టుపక్కల ఓడల్లో ఉండే తెర మీద మన చోటు కనిపిస్తుంది. రెండోది నొక్కితే పిలుపు ఉపగ్రహానికి పోతుంది, అక్కడి నుంచి రక్షణ కేంద్రానికి, కేంద్రం వాళ్లు మనం ముందే రాసిచ్చిన మనిషికి ఫోన్ చేసి నిజమో కాదో కనుక్కుని సాయం పంపుతారు. ఏ రకమైనా నీళ్ల కింద పనిచేయదు, పైకి తేలాకే నొక్కాలి, యాంటెనా నీళ్లకు పైన నిలబడాలి. మనం మునిగే లోతుకు తట్టుకునే గట్టి డబ్బాలో పెట్టి మూత బిగించుకోవాలి, లేకపోతే నీటి ఒత్తిడికి లోపలికి తడి దిగి ఆపద రాకముందే చచ్చూరుకుంటుంది. వారం రోజులపాటు నేను వాటి కాగితాలను పరీక్ష ముందు చదివినట్టు చదివాను.

అమ్మే అతను ఫోన్‌లో మొదటి రకమే తీసుకోమన్నాడు. చిన్నది, తేలిక, రిజిస్ట్రేషన్ తలనొప్పి తక్కువ. నేను లోతు గురించి, బ్యాటరీ గురించి అడుగుతుంటే కాస్త విసిగి, టెక్నికల్ విషయాలు కదా మేడం, ఒకసారి మీవారితో మాట్లాడించండి అన్నాడు. మునిగేది నేను, తేలేది నేను, నొక్కేది నేను, మాట్లాడేది కూడా నేనే అన్నాను. తర్వాత అన్నిటికీ సరిగ్గా జవాబు చెప్పాడు.

అయినా మొదటి రకమే కొనబోయాను. జేబులో పట్టేంత చిన్నగా ఉండటం నాకూ నచ్చింది. ఆపింది బాపు గంట.

చిన్నప్పుడు అంగడికి బాపుతో పోయేదాన్ని. మందకు ముందు నడిచే పొట్టేలు మెడలో కట్టడానికి కంచు గంట కొనాలి. తక్కిన కాపరులు గంటను చెవి దగ్గర ఆడించి, మోత బాగుందని కొనుక్కుని పోయేవాళ్లు. బాపు ఆడించేవాడు కాదు. నచ్చకపోతే వాపసు తెస్తానని ముందే ఒప్పించుకుని ఇంటికి తెచ్చేవాడు. పొట్టేలుకు కట్టి, దాన్ని గుట్ట అవతలికి తోలి, తను గుట్ట ఇవతల, గాలి తనవైపు వీయని పక్కన కూర్చుని వినేవాడు. వినపడితే ఉంచుకునేవాడు. ఒక ఏడు మూడు గంటలు వాపసు ఇచ్చాడు. ఆ వ్యాపారి బాపును చూస్తే మొహం తిప్పుకునేవాడు. నేను సిగ్గుపడి, అన్ని గంటలు మంచిగనే ఉన్నయి కద బాపూ అంటే, అంగట్ల అన్ని గంటలు మంచిగనే మోగుతయి బిడ్డా, గుట్ట అవతల ఇనేటోనికి ఇనొస్తదా లేదా గది జూడాలె అన్నాడు.

బీకన్‌కు ఆర్డర్ పెట్టే ముందు ఆ మాట గుర్తొచ్చింది. నా గంటను వినేవాడు ఎవరు? మమ్మల్ని పోగొట్టిన పడవ యజమానికి ఫోన్ చేసి, మీ పడవలో ఆ తెర ఉందా అని అడిగాను. అదేం తెర మేడం అన్నాడు. మమ్మల్ని ఎక్కించుకున్నలాంటి చేపల పడవల్లో ఉంటుందా అంటే, పెద్ద ఓడల్లో ఉంటుందేమో అన్నాడు. పెద్ద ఓడలు మేము మునిగే చోటికి రావు. అంటే ఆ బీకన్ నొక్కితే నేను చక్కగా మోగుతాను, వినేవాళ్లు ఉండరు. ఉపగ్రహం రకమే కొన్నాను. పసుపుపచ్చగా, సబ్బుబిళ్లకన్నా కొంచెం పెద్దగా ఉంటుంది.

తర్వాత రిజిస్ట్రేషన్ కాగితం. అందులో నా వివరాల కింద, ఆపదలో ఏ వేళైనా ఫోన్ చేయడానికి ఇద్దరి నంబర్లు రాయాలి. రెండో చోట డైవింగ్‌కు తీసుకుపోయే దుకాణం నంబర్ రాశాను. మొదటి చోట సొంత మనిషి ఉండాలి. అన్న దగ్గరికి పోయాను. అతను కాగితం మొత్తం చదివాడు, చదివి మడిచి నా చేతిలోనే పెట్టాడు.

"నా పేరు రాస్తే నేను ఒప్పుకున్నట్టయితది. రేపు ఏమన్న అయితే అన్ననే పంపిండంటరు," అన్నాడు.

నేను వాదించలేదు. అతని మాటలో అబద్ధం లేదు, మావాళ్లు అలాగే అంటారు. కానీ మెట్లు దిగుతున్నప్పుడు నాకు ఒళ్లు మండింది. నేను బతికే ఉన్నానా అని అడిగితే జవాబు చెప్పడానికి కూడా అనుమతి కావాలా? ఇంటికి పోయి, మొదటి చోట బాపు నంబర్ రాసి పంపేశాను. బాపును కూడా అడగలేదు. తెలిశాక అన్న పగలబడి నవ్వాడు. డెబ్బై దాటిన మనిషి, ఇంగ్లీషు ముక్క రాదు, గుట్టల మీద తిరుగుతాడు, చేతిలో నొక్కుల ఫోన్, దానికి సిగ్నల్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, ఆయన ఏ ఆఫీసరుకు ఏం చెప్తాడన్నాడు. అతని ప్రతి మాటా నిజం. అయినా నేను కాగితం మార్చలేదు.

ఆదివారం బస్సెక్కి బాపు దగ్గరికి పోయాను. పల్లి పీకేసిన చేనులో ఎరువు కోసం మందను నిలిపి, పగలు పక్కనున్న గుట్ట మీద మేపుతున్నాడు. చేను ఆసామి మోటరు గదిలో ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటాడు. ఇద్దరం గొంగడి మీద కూర్చుని సద్ది తిన్నాక, పసుపు బీకన్‌ను దాని గట్టి డబ్బాతో సహా తీసి చేతిలో పెట్టి, నీ నంబర్ రాసిన బాపూ అన్నాను.

తిప్పి తిప్పి చూశాడు. సముద్రంలో నేను తప్పిపోయిన సంగతి ఆయనకు తెలుసు, ఒక్క మాట కూడా అనలేదు అప్పటిదాకా. ఇది మోగితే నాకు వినొస్తుందా అని అడిగాడు. మోత ఉండదని, పిలుపు ఆకాశానికి పోయి ఆఫీసర్లకు అందుతుందని, వాళ్లు నీకు ఫోన్ చేస్తారని చెప్పాను. మూత ఎలా తీయాలో, యాంటెనా ఎలా నిలబెట్టాలో, దేన్ని నొక్కాలో అన్నీ చూపించాను. ప్రాణం మీదికొస్తే తప్ప నొక్కకూడదని కూడా చెప్పాను. అది మాత్రం చివర్లో, నీళ్ల సీసా వెతుక్కుంటూ చెప్పాను. క్లాసులో నేను ఒక్కసారి కూడా చేయని తప్పు అది.

"నొక్కి జూసినవా?"

"నొక్కొద్దు బాపూ. పరీక్షకు వేరే బటన్ ఉంది. అది నొక్కితే ఆకుపచ్చ లైటు వస్తది, అంతే."

"అది అంగట్ల మోగిచ్చినట్టే కద," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. చేతులు కడుక్కుని సీసా నింపుకొద్దామని మోటరు గదికి పోయాను. ఆసామి భార్య కనబడితే రెండు మాటలు మాట్లాడాను. తిరిగొచ్చేసరికి గొంగడి మీద బీకన్ డబ్బా ఒక్కటే, మూత తీసి, ఖాళీగా ఉంది. బాపు లేడు. పెద్ద పొట్టేలు లేదు.

గుట్ట వైపు చూశాను. పైన రాళ్ల మధ్య పొట్టేలు మేస్తున్నది. దాని మెడలో, గంట పక్కన, బాపు ఎర్ర రుమాలుతో గట్టిగా కట్టిన నా బీకన్. సన్నటి స్టీలు పట్టీ యాంటెనా కొమ్ముల మధ్య నుంచి నిటారుగా ఆకాశానికి నిలబడి ఉంది. చిన్న లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది.

ఉత్తపుణ్యానికి ఆపద పిలుపు పంపడం ఎంత పెద్ద తప్పో ఆ కాగితాల్లో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా గుట్టెక్కాను. నేను పరుగెత్తేసరికి పొట్టేలూ పరుగెత్తింది. నేను ఆగితే ఆగుతుంది, అడుగేస్తే ఇంకో రాయెక్కుతుంది. అది బాపు నాలుకతో చేసే చప్పుడుకు తప్ప ఎవరికీ రాదు. బాపు పక్కనే ఒక బండ మీద, ఫోన్ అరచేతిలో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆ గుట్ట మొత్తం మీద సిగ్నల్ వచ్చేది ఆ బండ మీదేనట. ఎంతసేపైంది నొక్కి అని అరిస్తే, నీడ ఆ తుమ్మ దగ్గర ఉన్నప్పుడు అని చూపించాడు. నీడ అప్పటికి జానెడు జరిగింది.

"దాన్ని పిలువు బాపూ, నీ కాళ్లు మొక్కుత."

"జర ఆగు. వాళ్లింక పిలువలే."

కోపం, భయం, సిగ్గు, అన్నీ కలిసి నాకు ఏడుపొచ్చింది. అయినా నిజం చెప్పాలి. ఆ ఏడుపు కింద ఇంకొకటి కూడా ఉంది. ఆ ఫోన్ మోగుతుందో లేదో నాకూ చూడాలని ఉంది. నేను కొన్న గంట గుట్ట అవతల వినపడుతుందా లేదా అని నేనూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

ఫోన్ మోగింది.

మొదటి మోతకే బాపు ఎత్తాడు. అవతలి మనిషి హిందీలో మాట్లాడాడు. అన్న ఒక్క సంగతి మరిచిపోయాడు. బాపుకు ఇంగ్లీషు రాదు కానీ, నలభై ఏండ్లు మాంసం వ్యాపారులతో బేరాలు చేసిన ఉర్దూ ఉంది. ఏ మాత్రం తడబడకుండా అన్నీ చెప్పాడు. ఈ మిషిన్ తన బిడ్డదని, బిడ్డ తన ముందే నిలబడి ఉందని, క్షేమంగా ఉందని, ఏడుస్తున్నదని. మిషిన్ తన పొట్టేలు మెడలో ఉందని. ఊరి పేరు, గుట్ట పేరు, మహబూబ్‌నగర్ రోడ్డు మీద ఎక్కడ దిగితే ఏ వైపు తిరగాలో కూడా చెప్పాడు. అవతల గొంతు పెరిగింది. నాకు దూరానికే వినపడింది. బాపు అంతా విని, తప్పయింది సాబ్ అన్నాడు. ఆ వెంటనే, తల దించకుండా ఇంకో మాట అన్నాడు. నా బిడ్డ సముద్రంలో ఆపదలో ఉంటే మీరు నన్ను పిలుస్తారని రాసిచ్చింది, పిలుస్తారో లేదో నేను చూసుకోవద్దా అన్నాడు.

తర్వాత ఫోన్ నా చేతికొచ్చింది. ఆఫీసరు నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టాడు. సముద్రానికి అన్ని వందల కిలోమీటర్ల దూరంలో డైవింగ్ బీకన్ మోగితే తన దగ్గర ఎంతమంది పని వదిలేసి తెర ముందు నిలబడ్డారో చెప్పాడు. ఆ వేళలో నిజంగా ఎవరైనా పిలిచి ఉంటే అన్నాడు. తప్పు పూర్తిగా నాదని చెప్పాను. సంజాయిషీ రాసి పంపమన్నాడు, బ్యాటరీ మార్పించేదాకా ఆ బీకన్ వాడకూడదన్నాడు. చివర్లో కొంచెం మెత్తబడి, మొదటి నంబర్ మార్చుకుంటారా, చదువుకున్నవాళ్లది ఎవరిదైనా ఇవ్వండి అన్నాడు.

"మార్చను సార్," అన్నాను. "ఆ నంబరే ఉండనీయండి."

ఆయన, సరే, ఇచ్చిన నంబర్లు చాలావరకు ఎవరూ ఎత్తరు, ఈయన ఎత్తాడు అన్నాడు. అప్పుడు బాపు నాలుకతో చప్పుడు చేశాడు. పొట్టేలు ఏమీ ఎరగనట్టు దిగి వచ్చి ఆయన మోకాలికి తల ఆనించింది. నేను బీకన్ ఆపేశాను.

సంజాయిషీలో ఉన్నదున్నట్టు రాశాను. వాడే తీరు నేర్పి, వాడకూడని తీరు సరిగా నేర్పకపోవడం నా పొరపాటని రాశాను. మా నాన్న గొర్రెలు కాస్తాడని, వినకుండా ఏ గంటకూ ఒప్పుకోడని కూడా రాశాను. కాలేజీలో తోటి లెక్చరరు ఒకామె ఆ చివరి వాక్యం తీసేయమంది. తీయలేదు. ఊళ్లో మాత్రం కథ పెరిగి, మా గుట్ట మీదికి హెలికాప్టర్ వచ్చి తిరిగిపోయిందని చెప్పుకున్నారు. అన్న ఆ హెలికాప్టర్ కథ విని దుకాణం మూసి వచ్చాడు. తిట్టాలని వచ్చాడు కానీ బాపు మాట్లాడిన తీరు చెప్తుంటే మధ్యలో నవ్వాపుకోలేకపోయాడు. పోతూ పోతూ, నేనైతే ఇప్పటికీ ఒప్పుకోలేదు అన్నాడు. ఒప్పుకోమని నిన్ను ఎవరడిగారు అన్నాను. మా ఇద్దరి మధ్య ఆ సంగతి ఇప్పటికీ అక్కడే ఉంది.

బ్యాటరీ మార్చి వచ్చేసరికి ఆ ఏడు డైవింగ్ కాలం దాటిపోయింది. మరుసటి ఏడు నర్సు, నేను మళ్లీ ఆ దీవికే పోయాం. వేరే చోటికి పోదామని ఆమె అంది, నేను ఒప్పుకోలేదు. మునిగే ముందు పడవలోంచి బాపుకు ఫోన్ చేశాను. ఏ దిక్కున మునుగుతున్నానో, జోడీ ఎవరో అడిగాడు, ఎప్పుడు పైకి వస్తానో అడిగాడు. గంటకు అంటే ఆయనకు లెక్క కుదరదు. ఇప్పుడు నీడ ఎక్కడుందో చెప్పు బాపూ అని, అక్కడి నుంచి ఎంత జరిగేసరికి వస్తానో చెప్పాను. సరే అని పెట్టేశాడు.

బీకన్ నడుముకు ఉంది. దాని అవసరం రాలేదు. చెప్పిన వేళకే పైకి వచ్చాం, పడవ మా పక్కనే ఉంది. కింద చూసిన తాబేలు గురించి అందరం మాట్లాడుకుంటూ, టీ తాగుతూ, తడి బట్టలతోనే కూర్చున్నాం. నా ఫోన్ సంచి అడుగున ఉంది. అంతలో పడవ నడిపే అతని ఫోన్ మోగింది. డైవింగ్ దుకాణంవాళ్లు. రక్షణ కేంద్రం నుంచి తమకు ఫోన్ వచ్చిందట. మహబూబ్‌నగర్ నుంచి ఒక పెద్దమనిషి కేంద్రానికే నేరుగా ఫోన్ చేసి, నా బిడ్డ గంట మీకు వినొచ్చిందా, నాకైతే రాలేదు, నీడ దాటింది, పైకి వచ్చిందా లేదా చూడండి అని అడుగుతున్నాడట. ఆ రోజు గుట్ట మీద వచ్చిన నంబర్‌ను ఆయన పోగొట్టుకోలేదు.

పడవలో అందరూ నవ్వారు. నా ఫోన్ తీసి చూస్తే బాపు నుంచి పది మిస్డ్ కాల్స్ ఉన్నాయి. స్టాఫ్‌రూం మాటకు, శిక్షకుడి వెక్కిరింతకు, మా అన్న అభ్యంతరానికి, దేనికీ వంగని మెడ నాది. అప్పుడు వంగింది. వాళ్లకు వీపు చేసి, పడవ అంచున నిలబడి బాపుకు ఫోన్ చేశాను. మొదటి మోతకే ఎత్తాడు.

"తప్పయింది బాపూ. పైకొచ్చి శానసేపయింది. మరిచిపోయిన."

అవతల గాలి చప్పుడు, గొర్రెల చప్పుడు వినపడ్డాయి. ఇక చాలు ఇంటికి రా అంటాడేమోనని, జీవితంలో మొదటిసారి, నేను మెడ వంచుకుని ఎదురుచూశాను.

"మల్ల ఎప్పుడు మునుగుతవో చెప్పు," అన్నాడు. "ఫోను చార్జింగు వెట్టుకోవాలె."